పావు తిప్పు వెనక్కి

జూన్ 4
ఇల్లు, వంటింటి బల్ల

చిరంజీవి తూనీగకు,

ఈ రోజు పనులు: రెండు పూటల వంట, ఒక బకెట్టు బట్టలు, మీ అన్నయ్య చొక్కాకి రెండు గుండీలు, పంచదార డబ్బాలో చీమలు ఏరడం. చివరిది నా పనుల కింద వెయ్యకూడదు, మీ అన్నయ్య ఖాతాలో వెయ్యాలి. ఆయన సంగతి నీకు తెలుసుగా. ఏ మూత బిగించినా చివరిదాకా తిప్పి, పావు తిప్పు వెనక్కి వదులుతారు. "పట్టెయ్యకుండా ఉంటుంది" అంటారు. నీళ్ళ ఆఫీసులో పంపుల దగ్గర వాల్వులు తిప్పి తిప్పి వచ్చిన అలవాటు. ఊరికి నీళ్ళు అందుతున్నాయి, మా ఇంట్లో చీమలకి పంచదార అందుతోంది.

అసలు సంగతికి వస్తాను. నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. కొండమీది పిల్లల ఆసుపత్రిలో సామాన్ల గది చూసుకోవడం. దుప్పట్లు, తువ్వాళ్ళు, సబ్బులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని చిరిగాయి. నలభై ఆరేళ్ళకి మొదటి ఉద్యోగం. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. పొద్దున ఎనిమిదికి అక్కడ ఉండాలి. వానలకి కొండ రోడ్డు కుంగిపోయి బస్సు ఆపేశారు. మనుషులూ సైకిళ్ళూ పోయేంత దారే మిగిలింది. ఇంట్లో పని తెముల్చుకుని నడిచి వెళ్తే ఆలస్యం అవుతోంది. ఇప్పటికే రెండుసార్లు పెద్ద నర్సమ్మ గడియారం వంక చూసి, తర్వాత నా వంక చూసింది.

అందుకని కొట్టుగదిలోంచి నీ పాత గేర్ల సైకిలు తీశాను. మొన్న వచ్చినప్పుడు "తీసుకో వదినా" అన్నావు కదా. చదును మీద బంగారంలా పోతోంది. కొండ మొదలయ్యాక, మీట ఎంత లాగినా సరే, వెనక ఉన్న ఆరు పళ్ళచక్రాల్లో అన్నిటికన్నా పెద్దదాని మీదికి చైను ఎక్కనంటుంది. ఐదోదాని మీద మొండికేస్తుంది. ఆ పెద్దది దొరక్కపోతే నా మోకాళ్ళతో ఆ కొండ ఎక్కడం అయ్యే పని కాదు. సగంలో దిగి తోసుకుంటూ పోతున్నాను. చూసినవాళ్ళు సైకిలుకి ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు.

వీధి చివర పంక్చర్ల ఆయన్ని అడిగితే, "గేర్ల బండి అంటే నాకు భయం తల్లీ" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. దాన్ని నడిపినదానివి నువ్వు. ఏం చెయ్యాలో వివరంగా రాయి.

ఇంకొక మాట. నా కుట్టుమిషను సొరుగులో ఉండే చిన్న స్క్రూడ్రైవరు నువ్వు పట్టుకుపోయి పద్దెనిమిదేళ్ళయింది. అమ్మాయి పుట్టి నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో మాయమైంది. ఆ సొరుగు జోలికి నువ్వు తప్ప ఎవరు పోతారు? నా పద్దుల పుస్తకంలో ఇప్పటికీ నీ పేరు మీదే ఉంది. అది ఉంటే ఈ రోజు నాకు పనికొచ్చేది.

నీ వదిన

*

జూన్ 13
దీవి, గాలి కొలిచే గది

వదినకు,

ఉద్యోగమా! ఆ పెద్ద నర్సమ్మకి తెలియదు పాపం, ఒక తువ్వాలు తగ్గితే నువ్వు ఆసుపత్రి పునాదులు తవ్విస్తావని. వారానికి ఒక్కసారి వచ్చే పడవ ఈసారి ఆలస్యమైంది, లేకపోతే అదే రోజు రాసేదాన్ని. ఇక్కడ ఫోను ఒకటుంది కానీ, నోరు మాట్లాడేవాళ్ళదీ, చెవులు అందరివీ. ఉత్తరమే మేలు.

విను. వెనక చక్రం దగ్గర చైనును అటూ ఇటూ తోసే చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. దానికి రెండు చిన్న స్క్రూలు, ఒకదాని కింద ఒకటి. చైను ఎంతవరకు పోవచ్చో హద్దు గీసేవి అవే. పైనున్నది చిన్న పళ్ళచక్రం వైపు హద్దు, కిందున్నది పెద్ద పళ్ళచక్రం వైపు హద్దు. కిందదాన్ని ఎడమకి ఒక్క తిప్పు వదులు చెయ్యి. అంతకన్నా ఎక్కువ వద్దు. గేరు తీగ తుప్పు పట్టి ఉంటే ఒక చుక్క నూనె వెయ్యి.

నా రోజుల్లో అది ఎప్పుడూ ఏడిపించలేదు. ఆ కుక్క అడ్డొచ్చి పడ్డానే తప్ప సైకిలు తప్పేమీ లేదు. ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేను. వాన వచ్చే ముందు సలుపుతుంది. అది చూసే నాకు వాతావరణం ఉద్యోగం ఇచ్చారని ఇక్కడివాళ్ళు ఏడిపిస్తారు.

స్క్రూడ్రైవరు నేను తియ్యలేదు మొర్రో. ఎన్నిసార్లు చెప్పాలి?

తూనీగ

*

జూన్ 20
ఇల్లు, వంటింటి బల్ల

చి. తూనీగకు,

ఈ రోజు పనులు: వంట, అంట్లు, ఇస్త్రీ, చేతులకి అంటిన నల్ల జిడ్డు వదిలించుకోవడం. ఇస్త్రీ కన్నా జిడ్డుకే ఎక్కువసేపు పట్టింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. స్క్రూడ్రైవరు లేదు కాబట్టి (ఎందుకు లేదో నీకు తెలుసు) కత్తి మొనతో కింది స్క్రూని ఎడమకి ఒక్క తిప్పు వదిలాను. చైను పెద్దచక్రం ఎక్కలేదు సరికదా, ఇప్పుడు రెండోవైపు చిన్నచక్రం మీంచి జారిపోయి, దానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నడిరోడ్డు మీద కూర్చుని చైను పీకాను. ఆసుపత్రికి చేరేసరికి పెద్ద నర్సమ్మ నా చేతులు చూసి, "వీటితోనా తెల్ల దుప్పట్లు ముట్టుకునేది?" అంది. మూడోసారి ఆలస్యం. నాలుగోసారి అయితే ఇంకొకరిని చూసుకుంటామని కచ్చితంగా చెప్పింది.

మీ అన్నయ్యని అడిగాను. పేపరు తిరగేస్తూ, "నాకేం తెలుసు గేర్ల సంగతి" అన్నారు. పేపరు మడిచి, "నడిచే వెళ్ళు. పొద్దున వంట నేను చేస్తాను" అన్నారు. ఈయనేనా ఆ మాట అన్నది అని వెనక్కి తిరిగి చూశాను. చేశారు కూడా. అది తిన్నాం. అంతకన్నా రాయను.

కింది స్క్రూ అంటే కింది స్క్రూయే కదా? నాకేమీ అర్థం కావడం లేదు.

నీ వదిన

*

జులై 1
దీవి

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి నా బుర్ర తిరిగింది. కింది స్క్రూ వదిలితే చిన్నచక్రం వైపు ఎలా జారుతుంది? కాగితం మీద బొమ్మ వేసుకుని చూశాను. నాదే మతిమరుపా అనుకుని, రెండు స్క్రూల పేర్లూ మార్చి వేసి చూశాను. అప్పుడు నువ్వు చెప్పింది సరిపోతోంది, నేను చెప్పింది తప్పవుతోంది. కానీ నాకు బాగా గుర్తు, పైది చిన్నదానికి, కిందది పెద్దదానికి. ఎన్నోసార్లు అన్నయ్య పక్కన కూర్చుని చూశాను. నాకేం తెలుసు అన్నాడా? అదేమిటి, ఆ సైకిలుకి ఎప్పుడేం కావాలన్నా చేసింది అన్నయ్యే కదా. మర్చిపోయి ఉంటాడు.

వదినా, ఒక్క మాట చెప్పు. దానికి స్టాండు లేదుగా. సైకిలు ఎలా నిలబెట్టి తిప్పుతున్నావు?

తూనీగ

*

జులై 9
ఇల్లు, వంటింటి బల్ల

చి. తూనీగకు,

ఎలా నిలబెడతాను, తలకిందులుగా! సీటూ హ్యాండిలూ నేల మీద, చక్రాలు ఆకాశానికి. వసారాలో పాత దుప్పటి పరిచి మరీ పెట్టాను. నీ ప్రశ్న చదివి బల్ల దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నీ పై స్క్రూ నా కింది స్క్రూ. మూడు వారాలుగా నువ్వు నిలబడి చెప్తున్నావు, నేను తలకిందులుగా వింటున్నాను.

తప్పుగా వదిలినదాన్ని బిగించాను. అసలుదాన్ని ఒక్క తిప్పు వదిలాను. చైను పెద్దచక్రం ఎక్కి కూర్చుంది! మర్నాడు కొండ మొత్తం దిగకుండా ఎక్కాను. పెద్ద నర్సమ్మ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసింది, ఆగిపోయిందేమోనని. ఒక్కటే లోపం. పెద్దచక్రం మీద ఉన్నప్పుడు, దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు సన్నగా చప్పుడు వస్తోంది.

సాయంత్రం మీ అన్నయ్యకి చూపించాలని, ఆ గేరులోనే వీధిలో ఒక చక్కర్ కొట్టాను. ఆయన వసారాలో మొహం కడుక్కుంటున్నారు. నేను దగ్గరికి వచ్చేసరికి, దోసిట్లో నీళ్ళతో అలాగే ఆగిపోయారు. కుళాయి పోతూనే ఉంది. నీళ్ళ ఆఫీసు మనిషి కుళాయి కట్టకుండా నిలబడటం అదే మొదటిసారి చూశాను. "బాగుందా?" అన్నాను. "ఊఁ" అన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మరుసటి రోజు కొండ దగ్గర మీట లాగితే, చైను మళ్ళీ ఐదోదాని మీదే ఆగింది. సాయంత్రం మళ్ళీ ఒక తిప్పు వదిలాను. ఒకరోజు పనిచేసింది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. తూనీగా, ఇదేమి రోగం? మందు వేసిన రోజు తగ్గి, తెల్లారేసరికి తిరగబెడుతోంది.

నీ వదిన

*

జులై 18
దీవి

వదినకు,

తలకిందుల సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. క్షమించు.

మిగతాదే నాకు అంతుపట్టడం లేదు. రోడ్డు అదురుకి స్క్రూ వదులవడం చూశాను. ఊడి పడిపోవడం చూశాను. తనంతట తాను బిగుసుకునే స్క్రూని మాత్రం ఇంతవరకు చూడలేదు. తీగ సాగి ఉంటుందా అంటే, సాగిన తీగ ఒకరోజు సరిగ్గా పనిచేసి మర్నాడు మానదు. ఒక పని చెయ్యి. ఈసారి వదిలాక, స్క్రూ తలమీద మొదలై పక్కనున్న ఇనుము మీదికి వచ్చేలా, గోళ్ళరంగు ఒక చుక్క పెట్టు. స్క్రూ కదిలితే చుక్క విరుగుతుంది. కదలకపోతే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు.

ఆ దువ్వెన చప్పుడు వస్తున్నంతకాలం పెద్దచక్రం మీద కొండ ఎక్కకు. ఎందుకని అడక్కు. ముందు చుక్క సంగతి రాయి.

తూనీగ

*

జులై 28
ఇల్లు

తూనీగకు,

ఈ రోజు పనులు అన్నీ అయ్యాయి. రాసే ఓపిక లేదు.

చుక్క విరిగింది. సగం స్క్రూ మీద ఉంది, సగం ఇనుము మీద ఉంది. రెండింటికీ మధ్య దూరం వచ్చింది.

ఎంత బిగిసిందో తెలుసుకోవాలని కత్తి మొనతో ఇంకా బిగించి చూశాను. చివర తగలడానికి ఎంత మిగిలి ఉందో తెలుసా? పావు తిప్పు. చివరిదాకా తిప్పి, పావు తిప్పు వెనక్కి వదిలి ఉంది. రంగు చెరిపి మళ్ళీ మొదటినుంచి చేశాను. రెండు రోజుల తర్వాత చూస్తే మళ్ళీ అంతే, అదే పావు. వంటింట్లోకి వెళ్ళి పంచదార డబ్బా మూత పట్టుకుని చూశాను. అదే పావు.

అమ్మాయి హాస్టల్లో ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం.

సాయంత్రం నేను వదులుతాను, పొద్దున పంపుల డ్యూటీకి వెళ్ళేముందు ఆయన బిగిస్తారు. మధ్యలో కాఫీ ఇస్తాను, తీసుకుంటారు. ఆలస్యం కాకుండా చీకటితో లేచి నడిచే పోతున్నాను. కాళ్ళు వాచాయి.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఈయన ఉద్యోగం వద్దని ఒక్కమాట అనలేదు. పొద్దున వంట ఆయనే చేస్తున్నారు. నడిచేటప్పుడు తడవకుండా గొడుగు కొని తెచ్చారు, అదీ మంచిది. ఒక చేత్తో గొడుగు ఇచ్చి ఇంకో చేత్తో గేరు లాక్కునే మనిషిని ఏ ఖాతాలో వెయ్యాలి? ఇరవై ఏళ్ళ కాపురం. ఆయన తుమ్మితే అది జలుబో ధూళో చెప్పగలను అనుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుగా కూర్చుని తింటున్న మనిషి ఎవరో తెలియడం లేదు.

నీకేదో తెలుసు. చప్పుడు గురించి అడక్కు అన్నావు. అడుగుతున్నాను.

వదిన

*

ఆగస్టు 6
దీవి

వదినా,

కుక్క లేదు.

ఆ రోజు నీకు అమ్మాయి పుట్టిందని కబురొచ్చి మూడో రోజు. నిన్ను చూడటానికి ఆసుపత్రికి వస్తున్నాను. ఎగువలో మీట లాగి పెద్దచక్రం మీదికి వేశాను. నువ్వు రాసిన ఆ దువ్వెన చప్పుడు వచ్చింది. ఇంకొంచెం లాగాను. ఆ ఇనుప చెయ్యి వెళ్ళి చక్రం చువ్వల్లో చిక్కుకుంది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఎడమవైపు రాళ్ళ కాలవలో పడ్డాను.

ముందురోజు సాయంత్రమే అన్నయ్య కూర్చుని గేర్లన్నీ సరిచేశాడు. "మెల్లిగా లాగు, నీది తొందర చెయ్యి" అని చెవిలో పోరి పోరి చెప్పాడు. వినలేదని తిడతాడని కుక్కని పుట్టించాను. నల్ల కుక్క అని రంగు కూడా వేశాను. కాలవలోంచి సైకిలు ఇంటికి తెచ్చింది అన్నయ్యే. చువ్వలు చూసి ఉంటాడు. చూస్తే కుక్క లేదని తెలిసిపోతుంది. కానీ నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత చువ్వలు వేయించాడు, కొట్టుగదిలో పెట్టాడు, అంతే, ఇక దాన్ని ముట్టుకోలేదు. నా మీద కోపమనుకున్నాను. అడగడానికి భయపడ్డాను. అడగకుండానే ఇన్నేళ్ళు గడిచాయి.

నీ ఉత్తరం చదివాక ఇంకోలా అనిపిస్తోంది. అన్నయ్య బిగిస్తున్నది నీ ఉద్యోగాన్ని కాదేమో వదినా. ఆ హద్దు బిగించేస్తే ఆ ఇనుప చెయ్యి చువ్వల దాకా పోలేదు.

ఈ ఉత్తరం అన్నయ్యకి చూపించు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు, మధ్యలో సముద్రం ఉంది కాబట్టి రాయగలిగాను.

తూనీగ

*

ఆగస్టు 14
ఇల్లు, వంటింటి బల్ల

చి. తూనీగకు,

ఈ రోజు పనులు: వంట, బట్టలు, మీ అన్నయ్యతో మాట్లాడటం. మూడోదానికి పొద్దంతా పట్టింది. మామూలుగా ఆయన నోట్లోంచి మాట రాలడమంటే మూసిన వాల్వులోంచి చుక్క రాలడమే కదా.

అన్నం తిన్నాక అడిగాను.

"ఆ సైకిలు స్క్రూ ఎవరు బిగిస్తున్నారు?"

"ఏ స్క్రూ?" అంటూ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"తియ్యండి" అన్నాను. తీశారు. జేబులోంచి ఏం వచ్చిందో ఇప్పుడు రాయను. నువ్వు అక్కణ్ణించి అరిస్తే నాకు వినిపిస్తుంది.

అప్పుడు నీ ఉత్తరం ముందు పెట్టాను. చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"దీనికి తెలియదా?" అన్నారు.

"ఏం తెలియాలి?"

"పడింది నా వల్లనని. ఆ హద్దు స్క్రూ నేనే ఒక తిప్పు ఎక్కువ వదిలి ఉంటాను. చువ్వలు చూడగానే అర్థమైంది. అమ్మ నన్ను తిట్టకుండా అది కుక్క పేరు చెప్పిందనుకున్నాను. నన్ను కాయడానికి అబద్ధమాడిన పిల్లని పట్టుకుని, నువ్వు అబద్ధమాడావు అని ఎలా అంటాను?"

"లెక్కపెట్టి వదల్లేదా మీరు?"

"పెట్టాను. అయినా పడిందిగా. అంటే లెక్క తప్పినట్టేగా."

"మరి నాతో ఒక్క మాట చెప్పడానికేం?"

"చెబితే చెల్లెలి చెయ్యి విరగ్గొట్టింది నేనని చెప్పాలి. నువ్వు సైకిలు బయటికి తీసిన రోజు నుంచీ బిగిస్తున్నాను, నువ్వు కొండ ఎక్కకూడదని కాదు. ఆ చప్పుడు వింటే నాకు..." అంటూనే మరచెంబు మూత బిగించి, పావు తిప్పు వెనక్కి వదిలారు. నాకు నవ్వొచ్చింది. కోపం ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇద్దరం సైకిలు వెనక కూర్చుని చూశాం, ఈసారి నిలువుగానే. ఆ చెయ్యి వేలాడేది ఫ్రేముకి ఉన్న ఒక ఇనుప చెవి నుంచి. ఆ చెవి చక్రానికి సమానంగా లేదు. చువ్వల వైపు వంగి ఉంది. అది వంగితే చెయ్యి మొత్తం లోపలికి వాలుతుంది. "చువ్వల్లో చిక్కినప్పుడు వంగి ఉంటుంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు గుడ్డ పెట్టి తుడుస్తుంటే ఒకటి కనబడింది. ఆసుపత్రిలో చిరిగిన దుప్పటి వస్తే, ఏ అంచు నుంచి చిరిగిందో కూడా రాసుకుంటాను. ఆ చూపు ఇంటికి కూడా వస్తోంది. నువ్వు పడ్డది ఎడమవైపుకి. ఎడమ పెడలూ ఎడమ హ్యాండిలు కొసా రాళ్ళకి గీసుకుపోయి ఉన్నాయి, సరిపోయింది. కానీ ఆ ఇనుప చెయ్యి ఉండేది కుడివైపు. దాని బయటి మొహం మీద, కుడి పెడలు అంచు మీద, నేలకి రాసుకున్న గీతలున్నాయి. ఎడమకి పడ్డ సైకిలుకి కుడివైపు గీతలెక్కడివి?

మీ అన్నయ్యకి చూపించాను. ముందురోజు తను సరిచేసినప్పుడు ఆ గీతలు లేవన్నారు. తర్వాత ఎవరూ దాన్ని తొక్కలేదు. నాకు మళ్ళీ తికమకగా ఉంది.

బాగా గుర్తు తెచ్చుకుని రాయి. పడే ముందు ఆ రోజు ఏమైనా అయిందా? కుక్కల్ని తీసుకురాకు.

నీ వదిన

*

ఆగస్టు 22
దీవి

వదినకు,

అయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని పడిపోవడంతో కలిపి ఆలోచించలేదు.

ఆసుపత్రికి వస్తూ దారిలో గ్రంథాలయం దగ్గర ఆగాను, తీసుకున్న పుస్తకం ఇచ్చెయ్యడానికి. సైకిలు గోడకి ఆనించి లోపలికి వెళ్ళాను. ఈదురుగాలి. బయటికి వచ్చేసరికి కుడివైపుకి పడి ఉంది. లేపి, దుమ్ము దులిపి ఎక్కాను. మూడో గేరు నుంచే చైను టిక్కుటిక్కుమంటోంది. ఇంటికి వెళ్ళాక అన్నయ్యకి చెబుదాంలే అనుకున్నాను. మరి ఆ రోజు నేను ఇంటికి వెళ్ళలేదు, నీ పక్క వార్డులో చేరాను.

చెవి వంగింది అప్పుడే. అన్నయ్య పెట్టిన హద్దు సరైనదే. వంగిన చెవి మీద అది సరిపోలేదు, అంతే.

రోజుకి ఎనిమిదిసార్లు గాలి వేగం రాసుకోవడం నా ఉద్యోగం. నా చెయ్యి విరగ్గొట్టిన గాలిని మాత్రం లెక్కలో వెయ్యలేదు చూడు.

కింద రాసింది అన్నయ్యకి. చింపి ఇవ్వు.

అన్నయ్యా, నువ్వు లెక్క తప్పలేదు.

తూనీగ

*

సెప్టెంబరు 5
ఇల్లు, వంటింటి బల్ల

చి. తూనీగకు,

ఈ రోజు పనులు: సాయంత్రం వంట, ఇస్త్రీ, ఈ ఉత్తరం. పొద్దున వంట మీ అన్నయ్యది. ఉప్పు సరిపోయింది. తేదీ వేసి రాసుకున్నాను.

నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం చింపి ఇచ్చాను. చదివి, మడిచి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. అద్దాల మీద మరకేమీ లేదు. తర్వాత "పంక్చర్ల ఆయన దగ్గర ఇంకో వెనక చక్రం దొరుకుతుందా?" అన్నారు. ఆ సైకిలు గురించి ఆయన తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

ఆ ఇనుప చెయ్యి విప్పేసి, దాని చోట పంక్చర్ల ఆయన అరువిచ్చిన చక్రం ఇరుసుని చెవి బెజ్జంలోకి బిగించారు. ఇప్పుడు మన చక్రం పక్కనే ఇంకో చక్రం. రెండింటి మధ్య ఎడం పైన ఒకలా, కింద ఒకలా, ముందు ఒకలా ఉంది. నా కుట్టు టేపు పెట్టి నేను కొలిచాను. ఆయన ఆ అరువు చక్రం పట్టుకుని, వంగిన చెవి తిన్నబడేలా మెల్లిగా వంచారు. "ఇంకొంచెం." "చాలా?" "ఆగండి, వెనక తగ్గింది." పంక్చర్ల ఆయన భయం మర్చిపోయి వచ్చి, మధ్యలో తల పెట్టి చూశాడు. నాలుగువైపులా ఎడం ఒక్కటయ్యేసరికి ముగ్గురం నల్లగా తయారయ్యాం.

ఇనుప చెయ్యి మళ్ళీ బిగించి, హద్దు స్క్రూ ఆయనే తిప్పారు. చైను ఆరోదాని మీదికి మాట్లాడకుండా ఎక్కింది. ఆయన మీట మళ్ళీ మళ్ళీ లాగి, చక్రం దగ్గర చెవి పెట్టి విన్నారు. చప్పుడు లేదు. చివరికి అలవాటు కొద్దీ పావు తిప్పు అటో ఇటో తిప్పబోయి నా వంక చూశారు. "ఇది మూత కాదు" అన్నాను. చెయ్యి తీసేశారు.

మర్నాడు కొండ మొదట్లో నిలబడ్డారు, డ్యూటీకి ఆలస్యమవుతున్నా సరే. నేను మలుపు తిరిగేదాకా వింటూనే ఉన్నారు. పైకి చేరేసరికి ఇంకా సామాన్ల గది తలుపే తియ్యలేదు. పెద్ద నర్సమ్మ తాళాలతో వచ్చి, "ఈ రోజు గడియారం తప్పా, నువ్వు తప్పా?" అంది. ఏదీ తప్పలేదన్నాను. పోయిన వారంతో మూడు నెలలు నిండాయి. ఉద్యోగం ఖాయమైంది. తాళాల గుత్తి నా దగ్గరే ఉంటుంది ఇక.

నువ్వు వచ్చినప్పుడు ఎక్కుదువుగాని. ఎడమ చెయ్యి చాచలేకపోయినా, మీట ఉన్నది కుడివైపే.

నీ వదిన

తా.క. ఆ రోజు జేబులోంచి వచ్చింది నా చిన్న స్క్రూడ్రైవరు. నీ గేర్లు సరిచెయ్యడానికి ఆ సాయంత్రం నా సొరుగులోంచి తీశారట. నువ్వు పడ్డాక, తిరిగి అందులో పెట్టడానికి చేతులు రాక, పంపుల గదిలో దాచారట. పద్దెనిమిదేళ్ళు నిన్ను దొంగని చేశాను. నీ తిట్లన్నీ ఒక ఉత్తరంలో రాసి పంపు, చదువుకుంటాను. నిన్న ఆయన చేత్తోనే సొరుగులో పెట్టించాను. పుస్తకం తీసి, "చిన్న స్క్రూడ్రైవరు ఒకటి, ఎర్ర పిడి" అన్న పాత పద్దు దగ్గర నీ పేరు కొట్టేసి, ఆయన పేరు వేసి, ఆయన చూస్తుండగా పక్కన రాశాను: అందింది, బాకీ చెల్లు.